సుగ్రీవుడు పరీక్ష పెట్టాడు, రాముడికి కోపం రాలేదు



ఈ వారం వీడియోలో కిష్కింధకాండ గురించి మాట్లాడుకున్నాం. టైమ్ చాలక అందులో చెప్పలేకపోయిన విషయం ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా సొంత గొడవ కూడా కొంచెం ఉంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ అది దాచిపెట్టి నమ్మకం గురించి రాస్తే ఉత్త ఉపన్యాసం అవుతుంది.

"కష్టం వస్తేనే ఎవరు మనవాళ్లో తెలుస్తుంది" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటూ ఉంటారు. నిజమే. కానీ ఈ మాట వింటున్నప్పుడు మనందరం ఒక పొజిషన్‌లోనే నిలబడి వింటాం. కష్టం మనకి వచ్చినట్టు, ఎవరు నిలబడ్డారో ఎవరు జారుకున్నారో మనం లెక్క రాసుకుంటున్నట్టు. ఆ జారుకున్నవాడు మనమే అయితే? అప్పుడు ఏం చేయాలి? ఆ ప్రశ్నకి జవాబు నాకు కిష్కింధకాండలో దొరికింది.

నలభై నిమిషాలు

రెండేళ్ల క్రితం, ఒక శుక్రవారం రాత్రి. రిలీజ్ ఉంది. నేను ఒక డేటాబేస్ స్క్రిప్ట్ రన్ చేశాను. టెస్ట్ సర్వర్ అనుకున్నా, కానీ అది ప్రొడక్షన్. కొన్ని వేల రికార్డులు మారిపోయాయి. పది నిమిషాల్లో అలర్ట్‌లు మొదలయ్యాయి, అందరం కాల్‌లోకి వచ్చాం. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నారు, నేను అన్నా అని పిలుస్తాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు పని నేర్పింది ఆయనే. "ఎవరైనా ఏదైనా మార్చారా?" అని అడిగారు.

నేను మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్‌లోనే ఉండిపోయాను.

ఎవరికీ తెలియకముందే సరిచేసేద్దాం అని ఒక పక్క కూర్చుని ప్రయత్నిస్తున్నా. చేతులు వణుకుతున్నాయి. ఇంకో పక్క అన్న, తప్పు తన కోడ్‌లో ఉందేమో అని తను రాసిన ఫైళ్లన్నీ ఒక్కొక్కటి తెరిచి చూసుకుంటున్నారు. ఆయన స్క్రీన్ షేర్ నాకు కనిపిస్తూనే ఉంది. నలభై నిమిషాలు అలా గడిచాయి. చివరికి లాగ్స్‌లో నా యూజర్ ఐడీ బయటపడింది.

ఆయన తిట్టలేదు. "చెప్పి ఉండాల్సింది తమ్ముడూ" అన్నారు, అంతే. తెల్లారేసరికి బ్యాకప్ నుంచి డేటా మొత్తం తిరిగి వచ్చింది. ఆయనకి నా మీద ఉన్న నమ్మకం మాత్రం రాలేదు.

సోమవారం నుంచి నా ప్రతి మార్పునీ లైన్ లైన్ చదవడం మొదలుపెట్టారు. ప్రొడక్షన్ యాక్సెస్ తీసేశారు. చిన్న పని ఇచ్చినా "అయ్యాక నాకు చూపించు" అనేవారు. మొదటి వారం తలవంచుకుని చేశాను. నెల తిరిగేసరికి నాకే రోషం వచ్చింది. ఒక్క తప్పుకి ఇంత అనుమానమా? ఇన్నేళ్లు చేసిన పని లెక్కలోకి రాదా? రెజ్యూమే అప్‌డేట్ చేసి పెట్టుకున్నాను.

ఆ సంక్రాంతికి ఊరు వెళ్లాను. అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టాక వాల్మీకి రామాయణం తెలుగు వచనం కొన్ని పేజీలు చదువుకుంటుంది. కళ్లజోడు విరిగిందట. "బాగుచేసి ఇచ్చేదాకా నువ్వు చదివి వినిపించరా" అంది. అమ్మ అప్పటికి కిష్కింధకాండలో ఉంది.

ఇద్దరూ పోగొట్టుకున్నవాళ్లే

కథ మీకు తెలుసు, అయినా ఒకసారి ఎక్కడున్నామో చూసుకుందాం. రాముడికి రాజ్యం లేదు, సీతమ్మ ఎక్కడుందో తెలియదు. సుగ్రీవుణ్ణి అన్న వాలి కట్టుబట్టలతో తరిమేశాడు, భార్య రుమను తన దగ్గర ఉంచుకున్నాడు. మతంగ మహర్షి శాపం వల్ల వాలి ఋశ్యమూకం మీద అడుగు పెట్టలేడు. అందుకని నలుగురు మంత్రులతో సుగ్రీవుడు ఆ కొండ మీద తలదాచుకున్నాడు. ఆ నలుగురిలో హనుమంతుడు ఒకడు.

విల్లంబులు పట్టుకున్న ఇద్దరు మనుషులు వస్తుంటే చూసి సుగ్రీవుడు ఏం చేశాడు? పరుగెత్తాడు. వాలి పంపించిన మనుషులే అనుకున్నాడు. ఒక్కసారి బాగా దెబ్బ తిన్నవాడికి ప్రతి కొత్త ముఖమూ శత్రువులాగే కనిపిస్తుంది. తర్వాత హనుమంతుణ్ణి సన్యాసి వేషంలో పంపించి, వాళ్లెవరో, ఎందుకొచ్చారో కనుక్కోమన్నాడు. అంటే ఈ స్నేహం నమ్మకంతో మొదలవలేదు. అనుమానంతో మొదలైంది.

హనుమంతుడు ఇద్దర్నీ కలిపాడు. అగ్ని సాక్షిగా స్నేహం చేసుకున్నారు. సీతమ్మ ఆకాశంలోంచి జారవిడిచిన నగల మూట సుగ్రీవుడు తెచ్చి చూపించాడు. అది చూసి రాముడు ఏడ్చాడు. అప్పుడు సుగ్రీవుడు ఓదార్చాడు: నాకూ భార్యా వియోగమే, అయినా నేను ధైర్యం వదల్లేదు, నువ్వూ వదలకు అని. రాముడు కళ్లు తుడుచుకుని, స్నేహితుడు చేయాల్సిన పని నువ్వు చేశావు అన్నాడు.

ఇక్కడ అమ్మ నన్ను ఆపింది. "చూశావా, రాముడంతటివాడు ఒక కోతి చేత ఓదార్పు చెప్పించుకున్నాడు" అంది. నిజమే కదా. మనం సాయం చేయడానికి ముందుంటాం. మన కన్నీళ్లు ఇంకొకళ్లకి చూపించాలంటే మాత్రం ప్రాణం పోతుంది. కష్టంలో నమ్మకం మొదలయ్యే మొదటి మెట్టు ఇదేనేమో: నేను బాగా లేను అని అవతలివాళ్లకి కనిపించనివ్వడం.

దుందుభి ఎముకలు, ఏడు సాల వృక్షాలు

అగ్ని సాక్షిగా ప్రమాణాలు అయిపోయాయి. వాలిని చంపుతానని రాముడు మాట ఇచ్చాడు. అయినా సుగ్రీవుడికి నమ్మకం కుదరలేదు. వాలి ఎంత బలవంతుడో వరసగా చెప్పుకుంటూ పోయాడు. లక్ష్మణుడు నవ్వి, సరే, ఏం చేసి చూపిస్తే నీకు నమ్మకం కుదురుతుంది అని అడిగాడు.

సుగ్రీవుడు మొహమాటపడలేదు. దున్నపోతు రూపంలో వచ్చిన దుందుభి అనే రాక్షసుణ్ణి వాలి చంపి విసిరేసిన కళేబరం ఎముకల గుట్టగా అక్కడే పడి ఉంది. దాన్ని కాలితో ఎత్తి దూరంగా విసరాలి. అక్కడున్న ఏడు సాల వృక్షాల్లో ఒకదాన్ని బాణంతో చీల్చాలి. ఇదీ సుగ్రీవుడి పరీక్ష.

రాముడు కాలి బొటనవేలితో ఆ ఎముకల గుట్టని పది యోజనాల దూరం చిమ్మేశాడు. సుగ్రీవుడు తృప్తిపడ్డాడా? లేదు. అప్పుడు అది పచ్చిగా, మాంసంతో బరువుగా ఉంది, వాలి అప్పటికే యుద్ధం చేసి అలిసిపోయి ఉన్నాడు, ఇప్పుడిది ఎండి తేలికైపోయింది, దీన్ని బట్టి ఎవరు బలవంతులో చెప్పలేం అన్నాడు. అదీ అందరి ముందే.

చదువుతుంటే నాకే కోపం వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నాడు ఈయన? జనస్థానంలో పద్నాలుగు వేల మంది రాక్షసుల్ని ఒంటరిగా ఎదుర్కొన్నవాడితో! కానీ రాముడు ఒక్క మాట అనలేదు. విల్లు ఎక్కుపెట్టాడు. సుగ్రీవుడు ఒక్క చెట్టు కొట్టమంటే ఏడింటినీ ఒకే బాణంతో చీల్చాడు. అప్పుడు సుగ్రీవుడు నేల మీద సాగిలపడ్డాడు.

వాల్మీకి మహర్షి ఇక్కడ సుగ్రీవుడి నోట ఒక నిజం చెప్పించారు. నిన్ను తూకం వేయాలని కాదు, అవమానించాలని కాదు, వాలి చేసిన పనులు చూసి చూసి నాకు పిరికితనం పట్టుకుంది అని అతనే అంటాడు. అంటే ఆ అనుమానం రాముడి గురించి కాదు. అది సుగ్రీవుడి గాయం. రాముడికి ఆ సంగతి అర్థమైంది కాబట్టే కోపం రాలేదు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆగిపోయాను. రాముడు ఏ తప్పూ చేయలేదు, అయినా పరీక్షకి నిలబడ్డాడు. నేను తప్పు చేశాను, పైగా పరీక్షించారని అలిగి రెజ్యూమే రాసుకున్నాను. అన్న నా కోడ్ లైన్ లైన్ చదివింది నన్ను కించపరచడానికి కాదు. ఆ రాత్రి నేను ఆయనకి చేసిన గాయం అలా చదివిస్తోంది. అది మానేదాకా నేనే చూపించాలి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

మొదటిసారి బాణం వెయ్యలేదు

ఇంకో సంగతి. పరీక్షలన్నీ పాసయ్యాక కూడా మొదటి ప్రయత్నం ఫెయిలైంది. రాముణ్ణి నమ్మి సుగ్రీవుడు వాలిని యుద్ధానికి పిలిచాడు. చావుదెబ్బలు తిన్నాడు. రాముడి బాణం రాలేదు. రక్తం ఓడుతూ ఋశ్యమూకానికి పారిపోయి వచ్చి, తలదించుకుని నిష్ఠూరమాడాడు: చంపనని ముందే చెప్పి ఉంటే నేను వెళ్లేవాణ్ణే కాదు కదా అని.

ఇప్పుడు రాముడి జవాబు చూడండి. నా మీదే అనుమానమా అనలేదు. అయ్యిందేదో అయ్యింది వదిలేయ్ అనలేదు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాడు. మీరిద్దరూ ఆకారంలో, అలంకారంలో, నడకలో, గొంతులో ఒకేలా ఉన్నారు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయాను. పొరపాటున బాణం నీకు తగిలితే మన ఇద్దరి మూలమే తెగిపోతుంది అని భయపడి వదల్లేదు. నేనూ, లక్ష్మణుడూ, సీతా అందరం నీ మీదే ఆధారపడి ఉన్నాం అన్నాడు. తర్వాత మళ్లీ ఆ పొరపాటు జరగకుండా ఏర్పాటు చేశాడు. పూలతో ఉన్న గజపుష్పి తీగని లక్ష్మణుడి చేత సుగ్రీవుడి మెడలో వేయించాడు.

మన భాషలో చెప్పాలంటే ఇది ఒక మంచి ఇన్సిడెంట్ రిపోర్ట్. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నాం. మూడే మూడు ముక్కలు. సాకు చెప్పేవాడికీ కారణం చెప్పేవాడికీ తేడా ఆ మూడో ముక్కలో ఉంటుంది. సాకు చెప్పేవాడి దగ్గర గజపుష్పి తీగ ఉండదు.

(వాలిని చాటు నుంచి కొట్టడం గురించి మీలో చాలామందికి ప్రశ్నలుంటాయి. వాలి తనే ఆ ప్రశ్న రాముణ్ణి అడిగాడు. దాని గురించి విడిగా మాట్లాడుకుందాం, రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు.)

వానాకాలం నాలుగు నెలలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇది నా కథకి అద్దం లాంటిది.

సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది, రుమ వచ్చింది. వానాకాలం మొదలైంది. వానలు తగ్గగానే సీతమ్మని వెతికించాలి, అది ఒప్పందం. వనవాస నియమం ఉంది కాబట్టి రాముడు కిష్కింధ ఊళ్లోకి రాలేదు, కొండ గుహలో ఉండిపోయాడు. హంపీ వెళ్లినవాళ్లకి మాల్యవంత కొండ మీద రఘునాథస్వామి గుడి గుర్తుండే ఉంటుంది. రాముడు ఆ వానాకాలం గడిపింది అక్కడే అని స్థలపురాణం. నేను వెళ్లింది కూడా వానల్లోనే. బండల మీద నుంచి నీళ్లు కారుతుంటే గుడి దగ్గర నిలబడి చూశాను. ఒక్క సాయంత్రం గడపడానికే మనసు బరువెక్కింది. సీతమ్మ బతికుందో లేదో తెలియకుండా అలా నాలుగు నెలలు ఎదురుచూడటం ఊహించండి.

అటు సుగ్రీవుడు అంతఃపురంలో మునిగిపోయాడు. కష్టంలో పక్కనున్నవాణ్ణి సుఖం రాగానే మర్చిపోయాడు. శరత్కాలం వచ్చింది, ఆకాశం తేటపడింది, కబురు లేదు.

రాముడు బాధపడ్డాడు, కోపం కూడా తెచ్చుకున్నాడు. వాలి వెళ్లిన దారి ఇంకా మూసుకుపోలేదని చెప్పు అని లక్ష్మణుణ్ణి పంపాడు. కానీ లక్ష్మణుడు మరీ మండిపడుతుంటే, పరుషంగా మాట్లాడకు, స్నేహం గుర్తు చేసి మాట్లాడు అని మళ్లీ తనే ఆపాడు. గట్టిగా అడగడం వేరు, తెంచేసుకోవడం వేరు. రాముడు మొదటిది చేశాడు, రెండోది చేయలేదు.

లక్ష్మణుడు కిష్కింధలోకి వస్తుంటే వింటినారి మోతకి ఊరంతా వణికింది. ముందు తార బయటికి వచ్చి శాంతపరిచింది. చాలాకాలం కష్టపడినవాడికి ఒక్కసారి సుఖం దొరికేసరికి కాలం తెలియలేదు అని చెప్పింది. హనుమంతుడు అంతకుముందే గుర్తు చేస్తే, సేనల్ని రప్పించమని సుగ్రీవుడు ఆజ్ఞ ఇచ్చిన మాట కూడా నిజమే. ఆ సంగతి చెప్పుకుని సుగ్రీవుడు తప్పించుకోవచ్చు. కానీ అలా చేయలేదు. మెడలో ఉన్న పెద్ద పూలమాలని తెంపి పారేశాడు. వాల్మీకి ఈ చిన్న వివరం వదల్లేదు. ఒకప్పుడు ప్రాణం కాపాడటానికి మెడలో పడింది గజపుష్పి తీగ. ఇప్పుడు తెంపింది మదంతో వేసుకున్న మాల.

తెంపేసి ఏమన్నాడు? నాకున్నదంతా రాముడి దయ. నమ్మకం వల్లనో, చనువు వల్లనో నేను హద్దు దాటి ఉంటే మన్నించాలి, తప్పు చేయనివాడంటూ ఎవడూ లేడు కదా అన్నాడు. నమ్మకం వల్ల తప్పు చేయడం ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నాకైతే వెంటనే అర్థమైంది. మనల్ని నమ్మినవాళ్ల దగ్గరే మనం అలసత్వం చూపిస్తాం. ఏమీ అనుకోరులే, అర్థం చేసుకుంటారులే అనుకుంటాం. కొత్తవాళ్ల ఫోన్ వెంటనే ఎత్తుతాం, అమ్మ ఫోన్ తర్వాత చేద్దాంలే అనుకుంటాం.

సుగ్రీవుడు దిగి వచ్చాక లక్ష్మణుడు కూడా తగ్గాడు. అన్న దుఃఖం చూడలేక పరుషంగా మాట్లాడాను, మన్నించు అన్నాడు. ఇద్దరూ కలిసే రాముడి దగ్గరికి వెళ్లారు. సుగ్రీవుడు కాళ్ల మీద పడితే రాముడు లేపి కౌగిలించుకున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మంచిమాటలు చెప్పాడు. ధర్మం మర్చిపోయి సుఖంలో పడ్డవాడు చెట్టు కొస మీద నిద్రపోయినవాడి లాంటివాడు, కింద పడ్డాకే మెలకువ వస్తుంది అని కూడా అన్నాడు. క్షమించాడు, కానీ తప్పు తప్పు కాదని అనలేదు.

దీని తర్వాత జరిగింది నాకు అన్నిటికంటే ఇష్టం. సీతాన్వేషణ మొత్తం రాముడు సుగ్రీవుడి చేతిలో పెట్టాడు. ఈ పనికి ప్రభువువి నువ్వే, నేను కాదు, లక్ష్మణుడూ కాదు అన్నాడు. నాలుగు నెలలు మర్చిపోయినవాడికి! కానీ రాముడు తెలిసే ఇచ్చాడు. సుగ్రీవుడు నాలుగు దిక్కులకీ నాలుగు దళాలు పంపాడు. ఎక్కడెక్కడ వెతకాలో ఏ కొండ, ఏ నది, ఏ దేశం అని వివరంగా చెప్పాడు. నెల గడువు పెట్టాడు. దక్షిణానికి హనుమంతుణ్ణి పంపాడు. మిగతాది సుందరకాండ.

అదే కష్టం, ఇంకో ఇంట్లో

ఇక్కడ వాలి సుగ్రీవుల పాత కథ గుర్తు తెచ్చుకోండి. మాయావి అనే రాక్షసుణ్ణి తరుముతూ వాలి గుహలోకి వెళ్లాడు. సుగ్రీవుడు ఏడాది పాటు గుహ బయట కాపలా కాశాడు. చివరికి నురగతో రక్తం బయటికి వచ్చింది, రాక్షసుల అరుపులు వినిపించాయి. అన్న చనిపోయాడనుకుని గుహకి బండ అడ్డం పెట్టి ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. మంత్రులు పట్టం కట్టారు. వాలి తిరిగి వచ్చి, తనని గుహలో పూడ్చేసి రాజ్యం కాజేశాడనుకున్నాడు. సుగ్రీవుడు కాళ్ల మీద పడి, రాజ్యం నీదే తీసుకో అన్నా వినలేదు.

రక్తసంబంధం ఉన్న అన్నదమ్ములు ఒక కష్టంలో విడిపోయారు. ఏ సంబంధమూ లేని ఒక మనిషీ ఒక వానరుడూ ఇంకో కష్టంలో ఒకటయ్యారు. కష్టం దానంతట అది నమ్మకాన్ని పెంచదు, తుంచదు. ఆ కష్టంలో ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు విన్నారా, తప్పు చేసినవాడు ముందుకొచ్చి చెప్పాడా, ఆ తర్వాత పని చేసి చూపించాడా అన్నదే తేలుస్తుంది.

హాస్పిటల్ కారిడార్‌లో

సంక్రాంతి నుంచి తిరిగి వచ్చాక రెజ్యూమే పక్కన పెట్టేశాను. అన్న దగ్గరికి వెళ్లి, "ఆ రాత్రి భయపడి మ్యూట్‌లో ఉండిపోయాను అన్నా, మీరు మీ కోడ్ వెతుక్కుంటుంటే చూస్తూ ఊరుకున్నాను" అని మొదటిసారి పూర్తిగా చెప్పాను. అప్పటిదాకా సారీ చెప్పానే గానీ ఈ మాట చెప్పలేదు. ఆయన "సరేలే" అన్నారు. మర్నాడు కూడా నా కోడ్ లైన్ లైన్ చదివారు. ఈసారి నాకు కోపం రాలేదు. స్క్రిప్ట్ రన్ చేసేముందు ఏ సర్వర్‌లో ఉన్నామో అడిగి ఆపే చిన్న చెక్ ఒకటి రాసి టీమ్ అందరికీ ఇచ్చాను. అది నా గజపుష్పి తీగ.

నెలలు గడిచాయి. ఒక రాత్రి పదకొండింటికి అన్న ఫోన్ చేశారు. గొంతు మామూలుగా లేదు. వాళ్ల నాన్నగారికి గుండెనొప్పి, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నారు. ఆ వారం ఆన్‌కాల్ ఆయనదే. "తమ్ముడూ, నువ్వు చూసుకో" అన్నారు. అయ్యాక నాకు చూపించు అనలేదు. ఆ రాత్రి రెండు అలర్ట్‌లు వచ్చాయి, రెండూ చిన్నవే. చేసిన ప్రతి పనీ టీమ్ గ్రూప్‌లో రాస్తూ పోయాను.

పొద్దున్న హాస్పిటల్‌కి వెళ్లాను. వాళ్లు క్రైస్తవులు. కారిడార్‌లో వాళ్ల అమ్మగారు ఒళ్లో బైబిల్ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కాఫీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంటే, "రాత్రంతా మేలుకున్నావట బాబూ" అని, మనసు మళ్లించుకోవడానికో ఏమో, కబుర్లలో పడ్డారు. మాటల్లో నా పాత తప్పు గురించి నేనే చెప్పాను. ఆవిడ పేతురు కథ చెప్పారు. యేసుని పట్టుకెళ్లిన రాత్రి, ఆయన ముఖ్య శిష్యుడు పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో చలిమంట దగ్గర నిలబడి ఉన్నాడు. నువ్వు ఆయన మనిషివే కదా అని అడిగితే, నాకు తెలియదు అని మూడుసార్లు బొంకాడు. కోడి కూసింది. తర్వాత యేసు తిరిగి లేచి సముద్రం ఒడ్డున కనిపించినప్పుడు, అక్కడా నిప్పులు వేసి ఉన్నాయట. పేతురుని నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. అయినా జవాబు చెప్పాడు. అడిగిన ప్రతిసారీ యేసు తన మందను కాసే బాధ్యత అతనికే అప్పగించాడు.

"మూడుసార్లు ఎందుకు అడిగాడంటావు? మూడుసార్లు బొంకినవాడికి మూడుసార్లు చెప్పుకునే అవకాశం ఇచ్చాడు" అన్నారు ఆవిడ. నేను సుగ్రీవుడి కథ చెప్పాను. శ్రద్ధగా విని, "పెద్దవాళ్లు ఎక్కడైనా ఒకేలా ఉంటారు బాబూ, అడుగుతారు, ఆ తర్వాత పని అప్పజెప్తారు" అన్నారు.

అన్నావాళ్ల నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చారు. ఇంకొన్ని వారాలకి నా ప్రొడక్షన్ యాక్సెస్ తిరిగి వచ్చింది. సంబరాలేమీ లేవు, ఒక్క లైన్ మెయిల్.

మరి అందర్నీ నమ్మేయాలా?

ఇది అడుగుతారని తెలుసు. ఎవరు ఎన్నిసార్లు మోసం చేసినా, దెబ్బలు కొట్టినా, రాముడు క్షమించాడు కాబట్టి మనమూ క్షమించి నమ్మాలా? లేదు. రాముడు హెచ్చరిక పంపాకే సుగ్రీవుడు కదిలాడు. కదిలాకే, పని మొదలయ్యాకే బాధ్యత అతని చేతికి వచ్చింది. మాల తెంపనివాడికి పని అప్పజెప్పమని రామాయణం చెప్పలేదు. క్షమించడం మన మనసులో జరిగేది, మళ్లీ నమ్మడం అవతలివాళ్ల పని చూసి జరిగేది. రెండూ కలిపేసుకోకండి.

తర్వాత సుగ్రీవుడు ఎలా మారాడో కూడా చూడండి. విభీషణుడు శరణు కోరి వస్తే అందరికంటే గట్టిగా వద్దన్నది సుగ్రీవుడే. అప్పట్లో తన ప్రాణం కోసం అనుమానపడినవాడు, ఇప్పుడు రాముడికి ఏమవుతుందో అని అనుమానపడుతున్నాడు. రాముడు అందరి మాటా విని, శరణన్నవాడికి అభయం ఇస్తానని, వెళ్లి తీసుకురా అని సుగ్రీవుడికే చెప్పాడు. లంక దగ్గర సువేల పర్వతం మీద నుంచి సుగ్రీవుడు ఎవరికీ చెప్పకుండా రావణుడి మీదకి దూకి కుస్తీ పట్టి వచ్చాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా ఇంత సాహసమా, నీకేమైనా అయితే నాకు సీత మాత్రం ఎందుకు అని రాముడు మందలించాడు. చివరికి నందిగ్రామంలో భరతుడు సుగ్రీవుణ్ణి కౌగిలించుకుని, మేం నలుగురం అన్నదమ్ములం, నువ్వు ఐదోవాడివి అన్నాడు. సొంత అన్న తరిమేసినవాడికి నలుగురు అన్నదమ్ములు దొరికారు. దారిలో అనుమానం ఉంది, పరీక్ష ఉంది, ఫెయిలైన ప్రయత్నం ఉంది, మరిచిపోయిన మాట ఉంది. అవన్నీ దాటి వచ్చిన స్నేహం అది.

ఈ వారం సాధన

మనసులో ఒక్క మనిషిని తలుచుకోండి. మీ వల్ల నొచ్చుకున్నవాళ్లు, మిమ్మల్ని ఇంకా పూర్తిగా నమ్మలేకపోతున్నవాళ్లు. అమ్మ కావచ్చు, రూమ్మేట్ కావచ్చు, ఇంట్లో మనిషే కావచ్చు. వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా చెప్పండి, దాచుకున్న ముక్కతో సహా. మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారో చెప్పండి. తర్వాత వాళ్లు ఎన్నిసార్లు అడిగినా రోషం తెచ్చుకోకుండా జవాబు చెప్పండి. వాళ్లు వెంటనే నమ్మకపోవచ్చు. ఎప్పటికీ నమ్మకపోవచ్చు కూడా. అది వాళ్ల చేతిలో ఉంది. మ్యూట్ తీయడం మన చేతిలో ఉంది.

వీలైతే కిష్కింధకాండలో సుగ్రీవుడు పరీక్ష పెట్టే ఘట్టం ఒకసారి ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి. మా అమ్మ కళ్లజోడు మర్నాడే బాగై వచ్చేసింది. అయినా "నువ్వు చదువుతుంటే బాగుంది" అని ఉన్నన్ని రోజులూ నా చేతే చదివించుకుంది.

వచ్చే వారం సుందరకాండలో కలుద్దాం. జై శ్రీరామ్. జై హనుమాన్.